సెర్చి చెప్పిన తద్దినం

గున్నమ్మత్త ఫోన్ చేస్తే అది సంభాషణ కాదు, ప్రసారం. ఆవిడకి ఎనభై రెండేళ్లు. వినికిడి రిటైరై పదేళ్లయింది, నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. భిలాయి పక్కనున్న ఉతైలో కొడుకింట్లో కూర్చుని, ఫోనుని చెవి దగ్గర కాకుండా నోటి దగ్గర పెట్టుకుని, చెప్పదలచుకున్నది చెప్పి, అవతలివాడు విన్నాడో లేదో, అసలు ఉన్నాడో లేడో చూడకుండా పెట్టేస్తుంది.

జనవరి పన్నెండో తారీకు సాయంత్రం ఆ ప్రసారం ఆవిడ మేనల్లుడు రాజగోపాల్ చెవిన పడింది. అప్పుడాయన భిలాయి స్టీలు ప్లాంటు రైలుపట్టాల మిల్లులో ఫస్టు షిఫ్టు దిగి, కునుకు తీసి లేచి, సెక్టార్ ఏడులో తన క్వార్టర్ పెరట్లో కూర్చుని ఉప్మా తింటున్నాడు.

"ఒరే రాజా, నువ్వు మనిషివేనేట్రా? కన్నతల్లి సంవత్సరీకానికి రాకుండా ఇంటికాడ కూకుండిపోనావా? పెద్దోడు ఒక్కడే కూకొని నీళ్లొదిలినాడు. పక్కన నీ పీట ఖాళీ. నా కడుపు తరుక్కుపోనాది. గారెలు మాత్రం గట్టిగా ఉన్నాయి, నా పళ్లకి లొంగనేదు. సరే, ఉంటాన్రా."

"అత్తా! ఏ సంవత్సరీకం? ఎక్కడ? అత్తా!"

ప్రసారం సమాప్తం. ఉప్మా చెంచా నోటికీ పళ్లేనికీ మధ్య ఆగిపోయింది.

రాజగోపాల్ తల్లి చిన్నమ్మలు పోయి ఏడాది నిండబోతోంది. ఆఖరి పద్దెనిమిదేళ్లు ఈ క్వార్టర్లోనే ఉంది, ఇందులోనే పోయింది. కర్మ చేసే హక్కు పెద్దకొడుకుది కాబట్టి నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్న అన్న బాలు చేశాడు. రైల్వేలో రిటైరై, మోకాళ్లు అరిగి, అరవై నాలుగు నిండినా ఆయన ఇంకా బాలే. తద్దినంలో అన్న తిలోదకాలు వదులుతుంటే తమ్ముడు పక్క పీట మీద కూర్చుని అన్న మోచెయ్యి పట్టుకోవడం వాళ్లింటి ఆనవాయితీ. అలా పట్టుకుంటే ఇద్దరు కొడుకుల నీళ్లూ అందినట్టు. తండ్రి తద్దినాలకి రాజగోపాల్ ఇరవై ఏళ్లు అలా పట్టుకున్నాడు.

అన్నదమ్ములకి మాటల్లేక పది నెలలు. అయినా రాజగోపాల్ ఒక్క సంగతి లోపల ఖాయం చేసుకుని ఉన్నాడు. అమ్మ సంవత్సరీకానికి అన్న గుమ్మంలోకి వచ్చి పిలుస్తాడు. పిలిస్తే వెళ్లాలి. మొహం అటు తిప్పుకునైనా సరే, ఆ మోచెయ్యి పట్టుకోవాలి. ఆ ఒక్కటీ దక్కితే చాలు, చేతులు కడుక్కున్నాక మళ్లీ పోట్లాడుకోవచ్చు.

ఆ ఒక్కటీ దక్కకుండా చేశాడు అన్న.

"కల్యాణీ!" అని అరిచిన అరుపుకి పక్క క్వార్టర్లో కుక్కర్ కూడా కూత ఆపింది. "అయిపోయిందట! నన్ను పిలవకుండా కానిచ్చీశాడు! అమ్మేటి వాడికొక్కడికే పుట్టిందా?"

ఆయన భార్య కల్యాణి మెంతికూర వలుస్తోంది. భర్త అరుపులకి మెంతికూర ఆపే అలవాటు ఆవిడకి ముప్పై ఏళ్ల కిందటే పోయింది.

ఇంతకీ అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టినది పొలమూ కాదు, పుట్రా కాదు. ఒక తెల్ల పెట్టె. ఫోన్లో పైన ఉంటుందే, ఏది కావాలన్నా నన్నడుగు అని నోరు తెరుచుకుని, ఆ సెర్చి పెట్టె. బాలు రిటైరయ్యాక దానికి పూర్తిగా చిత్తైపోయాడు. పొద్దున్న లేచి ఎండొస్తుందా అని కిటికీ తియ్యడు, పెట్టె తీస్తాడు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని నాలికని నమ్మడు, పావుకేజీ పప్పుకి ఎంత ఉప్పో పెట్టెలో చూస్తాడు. వెనకటికి ఆ ఇంట్లో చర్చలుండేవి. ఇప్పుడన్నీ సెర్చలే. చర్చ అంటే ఇద్దరూ అరవాలి, టీ చల్లారాలి, వదిన వచ్చి ఇద్దర్నీ తిట్టాలి. సెర్చలో ఒకడు వేలు పెడతాడు, రెండోవాడు నోరు మూస్తాడు. అంతే. దానికి నెట్టు అని పేరు పెట్టినవాడెవడో తెలుగు తెలిసే పెట్టాడని రాజగోపాల్ నమ్మకం. మనిషి పక్కనుంచి మనిషిని నెట్టేదే నెట్టు.

తల్లి పన్నెండో రోజు భోజనాల దగ్గర రాజగోపాల్ అమ్మ కథ ఒకటి ఎత్తుకున్నాడు. కొత్త పెళ్లికూతురుగా భిలాయి స్టేషన్లో దిగిన సాయంత్రమే ప్లాంటులో మొట్టమొదటి కొలిమి వెలిగించారనీ, ఆకాశమంతా ఎర్రబడిపోతే ఊరు తగలబడుతోందని ఏడిచిందనీ, "నేను రాగానే ఊరికి దీపం పెట్టారు" అనుకునేదనీ. బంధువులందరూ ముద్ద ఆపి వింటున్నారు. అంతలో బాలు కూతురు వందన, రాయపూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే పిల్ల, హిందీలో పుట్టి హిందీలో పెరిగి తెలుగులోకి చుట్టపుచూపుగా వచ్చిపోయే పిల్ల, ఎడమ చేత్తో ఫోన్ నొక్కింది.

"ఏక్ మినిట్ బాబాయ్. పహలా ఫర్నేస్ ఫిఫ్టీ నైన్‌లో కదా. దాదీ షాదీ సిక్స్టీ వన్. మ్యాచ్ నహీ హోతా."

కొలిమి వెలిగిన రెండేళ్లకి గాని నాయనమ్మ పెళ్లే కాలేదన్నమాట. పంక్తంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా బాలు నవ్వాడు. "అమ్మ చెప్పినవన్నీ అంతేరా. సెర్చి చేస్తే ఒక్కటీ నిలవదు."

రాజగోపాల్ సగం ఆకులోంచి లేచిపోయాడు. పాడె ఎక్కిన పన్నెండో రోజుకే అమ్మని అబద్ధాలకోరుని చేశారు, అదీ నెయ్యి వడ్డిస్తుండగా. ఆ సాయంత్రమే కుటుంబం వాట్సాప్ గ్రూపులోంచి తను బయటికి వచ్చేశాడు, కల్యాణిని కూడా లాగేశాడు, అన్న నంబరుని బ్లాక్ చేసి ఫోన్లో తాళం వేశాడు.

ఇప్పుడు ఆ అన్న ఏకంగా అమ్మ తద్దినానికే తాళం వేశాడు.

"నేను ఉతికి ఆరేస్తాను. ఇప్పుడే వెళ్తాను. పద్దెనిమిదేళ్లు మంచం కాడ కూర్చున్నది నేను, ఒక్కపూట పీట మీద కూర్చున్నది వాడా?"

"ఏవండీ," అంది కల్యాణి కాడలు తుంచుతూనే, "అత్తయ్యగారు పోయిన ఐదోనాడు శివరాత్రి కదా?"

"అయితే?"

"మనకి మైల, గుడికి వెళ్లలేదు. పంతులుగారు కాయితం మీద మాఘ బహుళ నవమి అని రాసిచ్చారు. ఇంకా పుష్యమాసమే వెళ్లలేదండీ. శివరాత్రి ఎక్కడో ఫిబ్రవరిలో ఉంది. ఇవేళ తద్దినమేటి?"

రాజగోపాల్ స్టూలెక్కి గోడ మీది తెలుగు క్యాలెండరు దించాడు. మాఘ బహుళ నవమి ఫిబ్రవరి పదిన పడింది. మళ్లీ చూశాడు. ఫిబ్రవరి పదే.

ఆయన మొహంలోకి వచ్చిన వెలుగు చూస్తే ప్లాంటులో ఇంకో కొలిమి వెలిగిందనుకోవాలి. అన్న తప్పు చేశాడు! మామూలు తప్పు కాదు, తద్దినాన్ని తప్పుదినాన పెట్టాడు! తిథి కాని రోజున పిలిచి పెడితే అమ్మ అక్కడ అతిథి కూడా కాదు. మాసం తప్పడం కాదిది, మోసం. ఎవరు చేసిన మోసమో చెప్పడానికి ఆయనకి ఏ పంతులూ అక్కర్లేదు. క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని స్కూటర్ తీశాడు.

"మెంతికూర పప్పు చేస్తున్నాను, వేగం వచ్చీండి," అంది కల్యాణి.

"నేనిప్పుడు పప్పు తినే మూడ్‌లో లేను. వాడు పప్పులో కాలేశాడు, అది చూసొస్తాను."

నెహ్రూ నగర్ ఇంట్లో ఇంకా దర్భలు తుడవలేదు. బాలు సోఫాలో మోకాళ్లకి నూనె రాసుకుంటున్నాడు. తమ్ముణ్ణి గుమ్మంలో చూసి సగం లేచాడు. క్యాలెండరు చూసి మళ్లీ కూర్చున్నాడు.

"వచ్చావా? భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోడానికొచ్చావేట్రా?"

"చెయ్యి కడగడానికి కాదు, నీ మొహం కడగడానికొచ్చాను. ఇవేళేం తిథి?"

"నవమి."

"ఏ మాసం?"

"మాఘం. మాఘ కృష్ణ నవమి. వందన చూసింది, ఫోన్లో ఉంది."

"ఫోన్లో ఉంది! ఫోన్లో నీ బుర్ర కూడా ఉందేటి, దాన్నీ అడగవలసింది. అమ్మ పోయింది శివరాత్రి ముందు. శివరాత్రేది? వెతుకు! సోఫా కిందుందేమో చూడు!"

"తిథులన్నాక ముందూ వెనకా అవుతాయిరా."

"నెల్రోజులా? బండి లేటయిందని నెల్రోజులు ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టావా ఎవరినైనా, నీ సర్వీసులో?"

రైల్వే మాట ఎత్తితే బాలుకి కారం పూసినట్టుంటుంది. "ఒరే, ఏటా ఫోన్ చేసి తిథి చెప్పే పాత పంతులుగారు కిందటి శ్రావణంలో పోయారు. ఇంకెవర్నడగమంటావు? ఇక్కడి పండిట్‌జీని అడిగితే ఆయనా ఇదే అన్నాడు. హా జీ, బిల్కుల్ సహీ అన్నాడు."

"ఆయనకి సహీయే! నీకు కాదు!" రాజగోపాల్ క్యాలెండరుని బల్ల మీద పరిచి పిడికిలితో గుద్దాడు. "ఇక్కడివాళ్ల నెల పున్నమికి అయిపోద్ది, మన నెల అమాస్యకి అయిపోద్ది. బహుళపక్షం వచ్చీసరికి వాళ్లు మనకంటే నెల ముందుంటారు. శివరాత్రి మనకి మాఘం, వాళ్లకి ఫాల్గుణం. మిల్లులో ముప్పై ఏళ్లబట్టి ఇక్కడివాళ్లతో దీని మీద దెబ్బలాడుతున్నాను. నీ పెట్టెకి నువ్వు దుర్గ్ జిల్లాలో ఉన్నావని తెలుసు, విజయనగరంవాడివని తెలీదు. తెలుగు శవానికి హిందీ తద్దినం పెట్టావు!"

వందన గదిలోంచి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బాబాయ్, బహుళ అంటే కృష్ణపక్ష్ అని కూడా చూశాను. సబ్ చెక్ కియా."

"అన్నీ చూశావు తల్లీ. అమ్మని కూడా ఆరోజు చెక్ చేశావు కదా. మనిషి చచ్చినా వెరిఫికేషన్ తప్పలేదు."

"పిల్లననకు," అన్నాడు బాలు. "నన్నను. ఏదీ, మళ్లీ చూడమ్మా, నా ఫోన్లోనే చూడు. వీడి మొహాన కొడదాం."

వందన తండ్రి ఫోన్ తీసుకుని, బాబాయికి కూడా కనిపించేలా బల్ల మీద పెట్టి, తెల్ల పెట్టె మీద వేలు పెట్టింది. పెట్టె చాలా మర్యాదగలది, ఇంతకు ముందు ఏమేం అడిగారో అడక్కుండానే వరసగా కిందికి దింపింది. బాలు మైకులో తెలుగులో అడిగినవి, తప్పులతో సహా.

మోకాళ్ల నొప్పికి ఆముదం వేడి చెయ్యాలా.

మెసేజికి ఒక్క టిక్కే పడితే అర్థం ఏమిటి.

తమ్ముడు పది నెలలుగా మాట్లాడ్డం లేదు ఏం చెయ్యాలి.

తమ్ముడు తద్దినానికి రాకపోతే మళ్లీ ఎవరు పిలవాలి.

బాలు ఫోన్ లాక్కున్నాడు గాని, చదవవలసినవాడు అప్పటికే చదివేశాడు.

బాలు భార్య లలితాంబ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "వారం కిందట మెసేజ్ పెట్టారు మరిదీ. ఒక్క గీతే పడింది. నువ్వు చూసీసుంటావని నేను, చూడలేదని ఆయన. ఇవేళ నీకు ఆకేసి మూడింటిదాకా మెతుకు ముట్టలేదు."

రాజగోపాల్‌కి ఆ తాళం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తనే వేశాడు. వేసి, అన్న ఎందుకు పిలవడని పది నెలలు గుమ్మం వైపు చూశాడు. సిగ్గు వేయాలి. ఆయనకి సిగ్గు వేస్తే కోపంగా బయటికొస్తుంది.

"దాన్నడిగావా? నీ తమ్ముడు మాట్లాడకపోతే ఏం చెయ్యాలో దాన్నడిగావా? పది నిమిషాల దూరంలో ఉన్నానురా నేను! ఏం చెప్పింది? చెప్పు, ఏం చెప్పింది నీ సర్వజ్ఞురాలు?"

"పువ్వులు పంపమంది," అన్నాడు బాలు నేల చూస్తూ.

"పువ్వులా!"

"చాక్లెట్లు కూడా."

"మరెందుకు పంపలేదు? నన్ను నేరుగా అడగడానికి నోరు పడిపోయిందా?"

బాలు తల ఎత్తాడు. "నిన్నడిగితే కసురుతావు. చిన్నప్పట్నించీ ఏదడిగినా కసురుతావు. అది కసరదు."

"కసరకపోతే తమ్ముణ్ణెలాగవుతాను? సర్వర్నవుతాను!"

దానికి ఇద్దరికీ నవ్వొచ్చి ఉండాలి. ఎవరూ నవ్వలేదు. లలితాంబే తేల్చింది. "ఇవేళ పెట్టింది అన్నదానం అనుకోండి. మాఘంలో నవమికి మళ్లీ పెట్టండి, అత్తయ్య ఉన్న క్వార్టర్లోనే పెట్టండి."

"నువ్వు పిలువు, చేయిస్తాను," అన్నాడు రాజగోపాల్.

"నీ ఇంట్లో పెడుతూ నేను నిన్ను పిలిచీదేటి? నువ్వే పిలువు."

"పెద్దోడివి నువ్వు."

"ఇల్లుగలవాడివి నువ్వు."

పిలుపు ఎవరిదో తేలకుండానే రాజగోపాల్ క్యాలెండరు చుట్టుకుని వచ్చేశాడు. ఇంటికొచ్చి కల్యాణి చేత అన్న నంబరు తాళం తీయించాడు. ఫిబ్రవరి తొమ్మిది దాకా అటునుంచి ఒక్క కూతా రాలేదు. ఇటునుంచీ వెళ్లలేదు. సెలవు పెట్టాడు, కొత్తగా వచ్చిన తెలుగు పంతులుగారికి చెప్పాడు, రెండు పీటలు కడిగించాడు. వస్తాడా అని కల్యాణి అడిగితే, "నాకేం తెలుసు, సెర్చి చెయ్యి," అన్నాడు.

పదో తారీకు పన్నెండింటికి క్వార్టర్ ముందు ఆటో ఆగింది. పట్టుపంచెలో బాలు, వెనక లలితాంబ, వందన.

"పిలవకుండా వచ్చీసాను," అన్నాడు బాలు మెట్లు కష్టంగా ఎక్కుతూ. "నా తల్లి తద్దినానికి నన్ను పిలవడానికి నువ్వెవడివి?"

"ఎవడు పిలిచాడు? కాళ్లు కడుక్కో."

కొత్త పంతులుగారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఏడాది కాలేదు. చిన్న వయసు, చాదస్తం పెద్దది. సంకల్పం చెప్పించాడు, గోత్రం చెప్పించాడు. అన్న చేతిలో నువ్వులు, నీళ్లు. పక్క పీట మీద రాజగోపాల్ చెయ్యి చాపి సిద్ధంగా ఉన్నాడు.

"అమ్మగారి పేరు?"

"చిన్నమ్మలు," అన్నాడు బాలు.

"నాయనమ్మగారు?"

"పైడితల్లి."

"ఆవిడ అత్తగారు? అంటే మీ తాతగారి తల్లి?"

బాలు ఆగాడు. ఇన్నేళ్లూ తండ్రి తద్దినానికి కావలసినవి మగవాళ్ల పేర్లు, మూడు తరాలూ కంఠతా వచ్చు. ఆడవాళ్ల పేర్లు కిందటేడు పన్నెండో రోజున కావలసి వచ్చాయి గాని, పాత పంతులుగారు ఈ ఇంటికి నలభై ఏళ్లుగా వస్తున్నవాడు, తనే చదివేశారు. ఆ పేరు ఆయనతోనే పోయింది.

"మొన్న పండిట్‌జీకి ఏం చెప్పారు?" అన్నాడు పంతులుగారు.

"ఆయనే చెప్పాడండీ. పేర్లు తెలీకపోతే గంగా, జమునా, సరస్వతీ బోల్ దీజియే అన్నాడు."

"తద్దినం పెట్టావా, ప్రయాగ స్నానం చేయించావా?" అన్నాడు రాజగోపాల్.

బాలు చెయ్యి అలవాటు కొద్దీ మొల దగ్గరికి వెళ్లింది. పంచెకి జేబు లేదు. రాజగోపాల్ చూశాడు. పదకొండు నెలల కసి ఆయనకి ఒక్క క్షణంలో చేతికి అందింది.

"వెతుకు! అమ్మాయీ, నాన్నకి ఫోనియ్యి! తాతగారి తల్లి పేరు అడగండి. పువ్వులు పంపమంటాదేమో!"

"మీరు చెప్పండి మరి," అన్నాడు పంతులుగారు ఇటు తిరిగి.

రాజగోపాల్ నోరు తెరిచాడు.

తెలీదు. అమ్మ చాలాసార్లు చెప్పింది. ఈ పెరట్లోనే, మెంతులు ఎండబెడుతూ, మా అత్తగారి అత్తగారు ఇలాగ, మా అత్తగారి అత్తగారు అలాగ అని. పేరు చెప్పే ఉంటుంది. విన్నాడా? పద్దెనిమిదేళ్లలో తను అమ్మని అడిగినవి తల్చుకున్నాడు. స్కూటర్ తాళం ఎక్కడ? ఉప్పు ఎక్కడ? మాత్ర వేసుకున్నావా? కావలసింది అడగడం, దొరకగానే పక్కకి తిరగడం. అన్నకి తెల్ల పెట్టె ఉంటే తనకి తెల్ల చీర ఉండేది. ఇద్దరూ వాడినది ఒకేలాగ.

"నీకూ తెలీదా?" అన్నాడు బాలు. ఆ గొంతులో ఆనందం దాచుకోలేదు. "పద్దెనిమిదేళ్లు మంచం కాడ కూర్చున్నానన్నావు. మంచాన్ని కాపలా కాశావేట్రా?"

"నోర్ముయ్. పెద్దోడివి, నీకు తెలియాలి."

"పేరు తెలియకపోతే చెప్పడానికి శాస్త్రంలో ఒక మాట ఉందండీ," అన్నాడు పంతులుగారు సర్దుబాటుగా.

"వద్దు," అన్నారు అన్నదమ్ములిద్దరూ. అంతకు ముందు వాళ్లు ఒక మాట మీద ఉన్నది ఎప్పుడో ఎవరికీ గుర్తులేదు.

"గున్నమ్మత్తకి తెలుస్తాది," అన్నాడు రాజగోపాల్. "ఆవిడ సొంత నాయనమ్మే కదా."

ఫోన్ చేశారు. గున్నమ్మత్త ఎత్తింది. నడుం నొప్పి గురించీ, కోడలు చేసిన పెసరట్ల గురించీ ప్రసారం చేసి పెట్టేసింది. ఆవిడ కొడుకు డ్యూటీలో ఉన్నాడు, ఎత్తలేదు. మూడున్నర దాటితే వేళ మించిపోతుందన్నాడు పంతులుగారు. అప్పటికి ఒంటిగంటన్నర.

రాజగోపాల్ లేచి స్కూటర్ తాళంచెవి తీశాడు. "ఎక్కు."

"నా మోకాళ్లు..."

"నీ మోకాళ్లకి ఆముదం నేను రాస్తాను, ఎక్కు."

పంచెలు ఎగ్గట్టి, వేళ్లకి దర్భ ఉంగరాలతో, ఇద్దరు ముసలాళ్లు ఒక స్కూటర్ మీద ఉతై రోడ్డున పడ్డారు. దారిలో లారీలవాళ్లు హారన్లు కొట్టి దండాలు పెట్టారు, ఏదో పుణ్యకార్యం అనుకుని. వెనక సీటు మీద బాలు ఊరుకోలేదు.

"కుడివైపు తిప్పు, దగ్గరదారి. మొన్న మ్యాపులో చూశాను."

"మ్యాపు మాటెత్తావంటే ఇక్కడే దింపీస్తాను. పట్టుకో సరిగ్గా."

"ఎక్కడ పట్టుకోను? నీ నడుమెక్కడుంది, అంతా పొట్టే."

గున్నమ్మత్త అరుగు మీద ఎండలో కూర్చుని ఉంది. ఇద్దర్నీ పంచెల్లో చూసి ముందు భయపడింది, తరవాత తిట్టింది. రాజగోపాల్ ఆవిడ చెవిలో నోరు పెట్టి అరిచాడు. వీధిలో మేకలు చెదిరిపోయాయి.

"అత్తా! నీ నాయనమ్మ పేరేటి?"

"ఇప్పుడడుగుతున్నారేట్రా!" అంది గున్నమ్మత్త. "మీ అమ్మ పొయ్యి కాడ కూకొని నోరు నొప్పెట్టీలాగ చెప్పీది. ఒక్కడైనా విన్నారా? ఒకడు పేపర్లో తలకాయ, ఒకడు ఫోన్లో తలకాయ. మొన్న పెద్దోడింట్లో నేనన్నాను, ఇంకా పుష్యమేనే, మాఘం రాకుండా ఇదేం తద్దినమే అని. ఫోన్లో ఉందత్తా అన్నారు. నేను ఫోన్లో లేను కదా, నా మాటెవడికి కావాలి?"

"పేరు చెప్పత్తా!" అని బాలు అరిచాడు. మెడ నరాలు పొంగాయి.

"తవిటమ్మ. పుట్టినోళ్లు పుట్టినట్టు పోతంటే, దీన్ని తవుడికి అమ్మి మళ్లీ కొనుక్కున్నారు. బతికింది. బతికి పదకొండుమందిని కన్నది. ఆవిడ నేకపోతే మీరిద్దరూ నేరు, మీ ఫోన్లూ నేవు. ఎల్లండి. వేళవుతాంది."

మూడుంపావుకి మళ్లీ పీటల మీద ఉన్నారు. రోడ్డంతా ఇద్దరూ ఆ పేరే అనుకుంటూ వచ్చారు, పోట్లాడుకోడానికి కూడా నోరు ఖాళీ లేకుండా. పంతులుగారు అడిగాడు. ఇద్దరూ ఒక్కసారే చెప్పారు. బాలు చెయ్యి వంచాడు. రాజగోపాల్ ఆ మోచెయ్యి పట్టుకున్నాడు. ముసలి చెయ్యి, ఎముక చేతికి తగిలింది. ఆయన ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు. నీళ్లు, నువ్వులు దర్భల మీంచి జారాయి. చిన్నమ్మలు, పైడితల్లి, తవిటమ్మ.

భోజనాల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు.

"వచ్చే ఏడు తిథి ఎప్పుడు పడుతుందో," అన్నాడు బాలు అరటికాయ కూర కలుపుకుంటూ. "నాకెలాగా తెలీదు. నిన్నే అడగాలి."

"ఫోన్లో అడిగితే చెప్పను."

"గుమ్మంలోకే వస్తాన్లే."

"రా. కసురుతాను."

"తెలుసు," అని బాలు నెయ్యి గిన్నె తన వైపు లాక్కున్నాడు.

రాజగోపాల్ మళ్లీ ఇటు లాక్కున్నాడు.